చార్‌ధామ్ యాత్రలో టిప్పు: ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఏ రూపంలో?

ఉత్తరాఖండ్‌లోని చార్‌ధామ్‌కు, అంటే యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బద్రీనాథ్‌లకు బయల్దేరేటప్పుడు మనం స్వెట్టర్లు, మందులు, కర్పూరం, రిజిస్ట్రేషన్ కాగితాలు అన్నీ సర్దుకుంటాం. టిప్పు సంగతి మాత్రం కేదార్‌నాథ్‌లో గుర్రం దిగేదాకా గుర్తుకు రాదు. తీరా అప్పుడు చూసుకుంటే జేబులో ఐదొందల నోట్లు తప్ప ఉండవు. గుర్రం పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, వెనక నుంచి మనవాళ్లు "పదండి, దర్శనానికి లేటవుతోంది" అని తొందరపెడుతుంటారు. ఆ కంగారులో ఏదో ఒకటి చేతిలో పెట్టేస్తాం, లేదా ఏమీ ఇవ్వకుండా నడిచిపోతాం. ఏమీ ఇవ్వకుండా వచ్చేశామన్న సంగతి రాత్రి దుప్పట్లో దూరాక గుర్తొస్తుంది.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అమ్మను తీసుకుని, కారు మాట్లాడుకుని. రెండోసారి మనవాళ్ల టూర్ బస్సులో, వంటవాళ్లతో సహా. రెండిట్లోనూ టిప్పు లెక్క పూర్తిగా వేరు. ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, నోటుగానా ఫోన్‌లోనా, విడిగానా అందరం కలిసా అన్న ప్రశ్నలు ఒక్కొక్కటే తీసుకుని, నాకు ఏది మేలనిపించిందో చెబుతాను. ఇక్కడ రాసిన మొత్తాలు ఎవరో పెట్టిన రేట్లు కావు, నా లెక్క మాత్రమే. మీ స్తోమతను బట్టి తగ్గించుకోండి, పెంచుకోండి.

ముందు గుళ్లు తెరిచి ఉండే ఆరు నెలల సంగతి

యమునోత్రి, గంగోత్రి గుళ్లు అక్షయ తృతీయ నాడు తెరుస్తారు. కేదార్‌నాథ్ ఎప్పుడు తెరిచేదీ మహాశివరాత్రి నాడు ఉఖీమఠ్‌లో ప్రకటిస్తారు, బద్రీనాథ్ సంగతి వసంత పంచమి నాడు నరేంద్రనగర్‌లో. మన రైతుకు తొలకరి ఎలాగో, అక్కడ గుర్రాలవాళ్లకు, డోలీ మోసేవాళ్లకు, లాడ్జి కుర్రాళ్లకు ఆ ప్రకటన అలాంటిది. దీపావళి వెళ్లాక, మనం భగినీ హస్తభోజనం చేసుకునే రోజున కేదార్‌నాథ్ తలుపులు మూసేస్తారు. ఉత్సవమూర్తిని ఉఖీమఠ్‌కు దించేస్తారు. నవంబరులో బద్రీనాథ్ కూడా మూసేస్తారు. ఆ తర్వాత పైన మంచే.

ఆ ఆరు నెలల్లోనూ జూలై, ఆగస్టుల్లో వానలు. కొండచరియలు విరిగిపడి రోడ్లు మూతపడతాయి, యాత్రికులు తగ్గిపోతారు. అంటే చేతినిండా పని ఉండేది మే, జూన్, మళ్లీ సెప్టెంబరు నుంచి కొన్ని వారాలు. ఆ సంపాదనతోనే ఏడాదంతా ఇల్లు గడవాలి. 2013 జూన్‌లో మందాకిని వరద వచ్చినప్పుడు సీజన్ మధ్యలోనే అంతా పోయింది, దారిలో ఉన్న రాంబాడా అనే ఊరు ఊరే కొట్టుకుపోయింది. టిప్పు అనగానే "అడుక్కుంటున్నారు" అని విసుక్కునేవాళ్లు ఈ క్యాలెండర్ ఒకసారి చూడాలి.

బేరమాడి టిప్పు ఇవ్వడమా, రేటు ఇచ్చి ఊరుకోవడమా?

చాలామంది చేసేది మొదటిదే. గుర్రం దగ్గర గట్టిగా బేరమాడి ఐదారు వందలు తగ్గించుకుంటాం. పైకి వెళ్లాక జాలిపడి రెండొందలు టిప్పు ఇస్తాం. మనసుకు హాయిగా ఉంటుంది, ఎంతో ఇచ్చినట్టు అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. అతనికి న్యాయంగా రావలసిన దాంట్లోంచి ఐదొందలు తీసుకుని, అందులోనే రెండొందలు వెనక్కి ఇచ్చాం.

కేదార్‌నాథ్, యమునోత్రి దారుల్లో గుర్రాలకు, డోలీలకు, కండీలకు (వీపు మీద మోసే బుట్టలకు) జిల్లా యంత్రాంగం రేట్లు నిర్ణయిస్తుంది. ప్రీపెయిడ్ కౌంటర్లు ఉంటాయి, డబ్బు కట్టి పర్చీ (చీటీ) తీసుకోవచ్చు. గుర్రం నడిపేవాడికి గుర్తింపు కార్డు ఉంటుంది. కౌంటర్లో కట్టడానికి క్యూలో నిలబడాలి, పొద్దున్నే అయితే టెన్షన్ కూడా. బయట మాట్లాడుకుంటే త్వరగా అయిపోతుంది. అయినా నేను కౌంటరుకే ఓటు వేస్తాను. రేటు ముందే తేలిపోతే మనసులో గొడవ ఉండదు, పైన ఇచ్చే టిప్పు నిజంగా టిప్పు అవుతుంది, బేరంలో మిగుల్చుకున్న దానికి పరిహారం కాదు. దారిలో ఏదైనా తేడా వస్తే చెప్పుకోవడానికి పర్చీ మీద నంబరూ ఉంటుంది. ఆ పర్చీని గమ్యం చేరాకే అతని చేతికి ఇవ్వండి.

చేతిలో తక్కువ డబ్బు ఉండి, పూర్తి రేటా టిప్పా అని తేల్చుకోవలసి వస్తే? పూర్తి రేటే. టిప్పు ఇవ్వలేకపోతే "బహుత్ అచ్ఛా లే ఆయే భయ్యా" (చాలా బాగా తీసుకొచ్చావు) అని నమస్కారం పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఇంకోటి ఉంది. గుర్రం నడిపించేవాడే గుర్రం యజమాని అనుకుంటాం. చాలాసార్లు కాదు. గుర్రం ఒకరిది, పక్కన నడిచే కుర్రాడు జీతానికి వచ్చినవాడు. కౌంటర్లో మనం కట్టిన డబ్బు యజమానికి చేరుతుంది, కుర్రాడికి అందులోంచి వచ్చేది కొంతే. కేదార్‌నాథ్ కాలిదారి మొదలయ్యే గౌరీకుండ్ నుంచి సుమారు పదహారు కిలోమీటర్లు మనం కూర్చుని వెళ్తే, అతను మన బూటు పక్కనే బురదలో నడిచి వస్తాడు. అందుకే గుర్రం ఎక్కితే టిప్పు అతని చేతికే. ఒక వైపు ప్రయాణానికి నేను రెండొందలు ఇస్తాను, వాన పడితే మూడొందలు.

డోలీ వాళ్ల దగ్గర నేను చేసిన తప్పు

అమ్మ మోకాళ్లకు గుర్రం పనికిరాదని డాక్టరు ముందే చెప్పారు. డోలీ మాట్లాడాం. నలుగురు, నేపాల్ నుంచి సీజన్‌కు వచ్చినవాళ్లు. అమ్మ మొదటి అరగంట "నాయనా, మెల్లగా... నాయనా, నేను బరువా?" అని తెలుగులోనే అంటూ వచ్చింది. వాళ్లకు అర్థమయ్యే అవకాశం లేదు, అయినా "మాతాజీ, ఆరామ్ సే" అని జవాబిచ్చేవాళ్లు.

కేదార్‌నాథ్ దారిలో లించోలీ దగ్గర దించి టీ తాగుతున్నప్పుడు, వెనక కర్ర మోసే అతను భుజం మీద మడతపెట్టుకున్న తువ్వాలు తీశాడు. కింద చర్మం కాడి మోసిన ఎద్దు మెడలా కాయ కట్టి ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ. తువ్వాలు విప్పి, తడిసిన వైపు లోపలికి పోయేలా తిప్పి మడిచి, మళ్లీ అదే చోట పెట్టుకున్నాడు. లేచేటప్పుడు భుజం మార్చుకున్నారు, కుర్చీ ఒక్క అంగుళం కూడా ఊగలేదు. అమ్మ టీ గ్లాసు చేతిలోనే ఉంది, తొణకలేదు.

పైకి చేరాక, నలుగురిలో హిందీ బాగా మాట్లాడే అతని చేతిలో వెయ్యి రూపాయలు పెట్టి "అందరూ పంచుకోండి" అన్నాను. ఆ పూట ఎంతో బాగా చేశాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున దిగేటప్పుడు ఆ తువ్వాలు మనిషి దారిలో ఎదురయ్యాడు. నవ్వాడు, అమ్మకు దండం పెట్టాడు, తర్వాత కాస్త మొహమాటంగా "మాతాజీ, చాయ్ కే లియే..." అన్నాడు. అతనికి అందిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ మొదటి మనిషి మోసం చేశాడని అనను. నేనే తెలుసుకునే వీలు లేకుండా ఇచ్చాను.

అందుకే డోలీకి నాది ఒకటే పద్ధతి. నలుగురికీ నాలుగు చేతుల్లో, సమానంగా. మనిషికి రెండొందల యాభై ఇవ్వాలనుకుంటే ముందురోజు రాత్రే విడగొట్టి పెట్టుకోవాలి. ముందు కర్ర మోసినవాళ్లు, వెనక మోసినవాళ్లు అన్న తేడా లేదు. కండీ, అంటే ఒకడే మనిషి బుట్టలో కూర్చోబెట్టుకుని వీపు మీద మోసుకెళ్లేది. వాళ్లను అక్కడ పిట్టూ అంటారు. పిల్లలున్నవాళ్లు ఎక్కువగా తీసుకుంటారు. అతనికి డోలీలో ఒక మనిషికి ఇచ్చేదానికంటే ఎక్కువే ఇవ్వాలి, భుజం మార్చుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు కనుక. నేనైతే మూడు నుంచి నాలుగొందలు.

ముందే ఇవ్వడమా, చివర్లోనా?

ముందే కొంత చేతిలో పెడితే బాగా చూసుకుంటారని చాలామంది నమ్మకం. డ్రైవరు విషయంలో అది కొంత నిజమే. పది, పన్నెండు రోజులు మనతో ఉండే మనిషికి రెండో రోజున "దారిలో టీకి ఉంచు భయ్యా" అని ఓ రెండొందలు ఇస్తే ఆ తర్వాత మాట కలుస్తుంది. గుర్రం, డోలీల దగ్గర మాత్రం చివర్లోనే ఇవ్వాలి.

చివర్లో కూడా ఒక మాట జాగ్రత్త. "తొందరగా తీసుకెళ్తే ఎక్స్‌ట్రా ఇస్తా" అని ఎప్పుడూ అనకండి. ఆ మాట అన్న క్షణం నుంచి గుర్రం మీద కర్ర పడుతుంది. రాళ్లు తేలిన దారి, మలుపుల్లో పక్కన లోయ, ఎదురుగా దిగే గుర్రాల గుంపు. తొందర వల్ల జారేది గుర్రమే, పడేది మనమే. అనాలనుకుంటే దాన్ని తిరగేసి చెప్పండి: "ధీరే చలో భయ్యా, పానీ పిలావో, టిప్పు పక్కా." గుర్రానికి నీళ్లు పట్టించి, ఓ పది నిమిషాలు ఆపి తీసుకెళ్తే నేను ఇంకో యాభై కలుపుతాను.

దారిలో మనం టీ, మ్యాగీ, ఆలూ పరాఠా తింటుంటే వాళ్లు పక్కన నిలబడి చూస్తుంటారు. వాళ్లకూ చెప్పండి. అది టిప్పులో కలపకూడదు. మనింటికి పనికి వచ్చిన మనిషికి అన్నం పెట్టి, దాన్ని కూలిలో కోసుకుంటామా?

నోటా, యూపీఐనా?

మన ఊళ్లో కూరగాయల బండి దగ్గర కూడా స్కాన్ చేస్తాం కాబట్టి అక్కడా అదే అవుతుందని బయల్దేరతాం. కేదార్‌నాథ్ కాలిదారిలో సిగ్నల్ ఒకచోట ఉంటుంది, మలుపు తిరిగితే పోతుంది. చలికి ఫోన్ బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది, అతను చూపించే కోడ్ ఎవరిదన్నది. గుర్రం యజమానిది కావచ్చు, గదిలో పక్కవాడిది కావచ్చు. టిప్పు యజమాని ఖాతాలో పడితే కుర్రాడు మళ్లీ అడిగి తీసుకోవాలి. కొండ మీద నోటుకు మించింది లేదు.

కింద మాత్రం యూపీఐ మంచిదే. హరిద్వార్‌లోనో రిషికేశ్‌లోనో డ్రైవరుకు వీడ్కోలు చెప్పేటప్పుడు పెద్ద మొత్తం ఇవ్వాలంటే అతని సొంత నంబరుకు పంపడం ఇద్దరికీ సుఖం. అతని పేరు తెర మీద వచ్చాకే పంపండి.

హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జి వేశారా చూసుకోండి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదు, ఇవ్వడం ఇవ్వకపోవడం మన ఇష్టం. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, వినకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జి తీసేయించుకున్నవాళ్లు అందులో కొంతైనా వడ్డించిన కుర్రాడికి ఇవ్వండి. మిగిలిన డబ్బు జేబులో వేసుకోవడానికే ఆ వాదన అయితే నాకు నచ్చదు.

లాడ్జిలో వేడినీళ్ల బకెట్‌కు చాలాచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు. అది లాడ్జిది. తెల్లవారుజామున మూడింటికి, గడ్డకట్టే చలిలో, ఆ బకెట్ రెండో అంతస్తుకు మోసుకొచ్చిన కుర్రాడికి యాభై రూపాయలు వేరే.

టూర్ బస్సులో: అందరం కలిసా, ఎవరికి వారా?

మన తెలుగువాళ్ల ప్యాకేజీల్లో వంటవాళ్లు వెంట వస్తారు. కేదార్‌నాథ్‌కు వెళ్లే దారిలో సీతాపూర్‌లోనో గుప్తకాశీలోనో వాన కురుస్తుంటే, రేకుల షెడ్డు కింద పప్పు, చారు, వేడన్నం పెడతారు. బస్సు దిగిన మనం గదికి పోయి పడుకుంటాం, వాళ్లు గిన్నెలు దించి పొయ్యి వెలిగిస్తారు. మనం లేచేసరికి ఉప్మా తయారు. అంటే వాళ్లు ఎప్పుడు పడుకున్నట్టు?

చివరి రోజు ఎవరో ఒకరు లేచి "తలా ఐదొందలు వేద్దాం" అంటారు. దీంట్లో మంచి ఉంది. తక్కువ ఉన్నవాళ్లకు సిగ్గు ఉండదు, వంటవాళ్లకు పెద్ద మొత్తం ఒక్కసారి అందుతుంది. చెడూ ఉంది. ఆ డబ్బు టూర్ మేనేజర్ చేతికి వెళ్తుంది, అక్కణ్నుంచి ఎవరికి ఎంత వెళ్లిందో తెలియదు. అందరికీ కనిపించే డ్రైవరు, మేనేజరు గుర్తుంటారు. వెనక గిన్నెలు తోమే మనిషిని, లగేజీ పైకి ఎక్కించే క్లీనర్‌ను ఎవరూ తలచుకోరు.

మా బస్సులో ఒక రిటైర్డ్ టీచరమ్మ దీనికి చక్కని దారి చూపించారు. వసూలైన డబ్బు ఆవిడే లెక్కపెట్టి, కవర్లు తెప్పించి, వంటవాళ్లు, హెల్పర్, క్లీనర్, ఇద్దరు డ్రైవర్లు, మేనేజర్, ఒక్కొక్కరి పేరు అడిగి కవరు మీద తెలుగులో రాశారు. రాత్రి భోజనాలయ్యాక పేరుపెట్టి పిలిచి, అందరి ముందూ ఇచ్చారు. గిన్నెలు తోమే అతని పేరు మాలో ఎవరికీ అప్పటిదాకా తెలియదు. ఆయన తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చారు, చప్పట్లు కొట్టాం. కాబట్టి ప్యాకేజీలో నా ఓటు కలిసి వేయడానికే, కానీ పంచేది మనమే అయితేనే. అది కుదరకపోతే విడిగా, ముందు వంటవాళ్లకు, హెల్పరుకు.

"టిప్పులన్నీ ప్యాకేజీలోనే కలిపాం" అని చెప్పే టూర్లు ఉంటాయి. బుక్ చేసేటప్పుడే అడగండి: గుర్రం, డోలీ ఖర్చు అందులో ఉందా, డ్రైవరు బత్తా ఉందా, టిప్పు ఉంటే ఎవరెవరికి? జవాబు గట్టిగా రాకపోతే, లేనట్టే లెక్క వేసుకుని డబ్బు పెట్టుకోండి.

కారు మాట్లాడుకున్నవాళ్లు డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడో మొదటి రోజే కనుక్కోండి. బత్తాలో గది ఖర్చు ఉండొచ్చు, అయినా సీజన్‌లో గది దొరక్క చాలామంది కారులోనే ముడుచుకుంటారు. హరిద్వార్ నుంచి బద్రీనాథ్‌కు మూడొందల కిలోమీటర్లకు పైనే, అంతా మలుపులు. నిద్ర లేని డ్రైవరుతో ఆ దారిలో వెళ్లడం ప్రాణాలతో పందెం. నేను చివర్లో రోజుకు రెండొందల చొప్పున టిప్పు ఇస్తాను. కానీ డబ్బు తక్కువగా ఉంటే టిప్పు తగ్గించి, అతనికి ఒక మంచం, దుప్పటి చూపిస్తాను.

టిప్పు, దక్షిణ, మామూలు

ఈ మూడూ కలిపేస్తే ఇబ్బంది పడతాం. టిప్పు పని చేసినవారికి సంతోషంతో ఇచ్చేది. దక్షిణ వేరు, అది కర్మలో భాగం. బద్రీనాథ్‌లో బ్రహ్మకపాలం దగ్గర పిండప్రదానం చేయించుకునేవాళ్లు ముందే పురోహితుణ్ని "మొత్తం దక్షిణ ఎంత?" అని అడిగి తేల్చుకోండి. తర్పణం మధ్యలో, చేతిలో నువ్వులు, నీళ్లు ఉండగా "ఇంకో దానం" అంటే కాదనలేం. అనుకున్నది ఇచ్చాక మళ్లీ టిప్పు అక్కర్లేదు. హుండీలో వేసేది దేవుడికి. హుండీలో వెయ్యి వేసి, డోలీ మోసినవాళ్ల దగ్గర చిల్లర లేదనడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది.

"మామూలు" అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు. "క్యూ లేకుండా దర్శనం చేయిస్తా, కొంచెం చాయ్ పానీ చూసుకోండి" అని ఎవరైనా దగ్గరికొస్తే అది టిప్పు కాదు. ప్రత్యేక పూజలకు ఆలయ కమిటీ ఇచ్చే టికెట్లు ఉన్నాయి, రసీదుతో కొనుక్కోవచ్చు. పోలీసుకు, క్యూ చూసే ఉద్యోగికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. హెలికాప్టర్ సిబ్బందికి, పైలట్‌కు టిప్పు అవసరం లేదు.

డబ్బు బదులు వస్తువులు ఇవ్వొచ్చా అని అడుగుతారు. మంచి రెయిన్‌కోటు, గ్లవ్స్, టార్చి లాంటివి తిరుగు ప్రయాణంలో ఇచ్చేస్తే సంతోషంగా తీసుకుంటారు. చిరిగిన స్వెట్టరు, సగం వాడిన మాత్రల పట్టీ ఇవ్వకండి. ఏదైనా సరే డబ్బుతో పాటు ఇవ్వాలి, డబ్బుకు బదులుగా కాదు.

ఇవ్వకూడని సందర్భమూ ఉంది. గుర్రాన్ని కొట్టినా, తాగి ఉన్నా, సగం దారిలో "ఇంకో ఐదొందలు ఇస్తేనే ముందుకు" అని నిలబెట్టినా టిప్పు వద్దు. కూలి మాత్రం ఆపకండి, కార్డు నంబరు ఫొటో తీసి కౌంటర్లో చెప్పండి.

ఎన్ని నోట్లు పట్టుకెళ్లాలి?

గంగోత్రి, బద్రీనాథ్‌లకు గుడి దగ్గరిదాకా రోడ్డు ఉంది. కాబట్టి పెద్ద ఖర్చు యమునోత్రి, కేదార్‌నాథ్‌లలోనే. నోట్లన్నీ హరిద్వార్‌లోనే తీసుకోండి. ఉత్తరకాశీ, గుప్తకాశీ, జోషిమఠ్‌లలో ఏటీఎంలు ఉన్నా సీజన్‌లో వాటిని నమ్ముకోలేం. ఇద్దరు పెద్దవాళ్లతో, సొంత కారులో వెళ్లే కుటుంబానికి నా లెక్క: వంద నోట్లు నలభై, యాభై నోట్లు ఇరవై, టీ కొట్ల కోసం పది, ఇరవై నోట్లు ఒక చిన్న కట్ట. నడుముకు కట్టుకునే సంచిలో రెండు అరలు ఉంటే, ఆ రోజు పంచాల్సినవి పై అరలో, మిగతావి లోపల. డోలీ ఎక్కే రోజు పొద్దున నాలుగు చిన్న మడతలు చేసి, నాలుగూ చొక్కా జేబులో పెట్టుకోండి. గ్లవ్స్ తీసి సంచి జిప్పు లాగేంత ఓపిక ఆ చలిలో ఉండదు.